పదమూడు గంటల పదిహేడు నిమిషాలు

1929 నవంబరు 18, సోమవారం. సాయంత్రం 5 గంటల 2 నిమిషాలు.

న్యూఫౌండ్లాండ్ దక్షిణ తీరాన, బ్యూరిన్ ద్వీపకల్పంలో అప్పుడప్పుడే కిరోసిన్ దీపాలు వెలిగిస్తున్నారు. వారాంతంలో ఈదురుగాలి వీచి వెళ్ళింది. ఆ తర్వాత సముద్రం నెమ్మదించింది. నవంబరు నెల అట్లాంటిక్‌ను ఎరిగినవాళ్ళు నమ్మలేనంత నెమ్మది. పడవలు రేవులో ఉన్నాయి. వేసవంతా పట్టి, ఉప్పు పెట్టి ఎండబెట్టిన కాడ్ చేప ఒడ్డునే చెక్క గోదాముల్లో ఉంది. రాబోయే చలికాలానికి తెచ్చిపెట్టుకున్న పిండి, బొగ్గు, దుంపలు కూడా అక్కడే. బండలు తేలిన ఆ నేల మీద దారులు తక్కువ. ఊరికీ ఊరికీ మధ్య రాకపోకలు పడవల మీదే. అందుకని ఇల్లూ గోదామూ వల ఆరేసుకునే పందిరీ అన్నీ నీటి అంచునే కట్టుకునేవారు.

ఆ ఈదురుగాలికే ద్వీపకల్పాన్ని రాజధాని సెయింట్ జాన్స్‌తో కలిపే టెలిగ్రాఫ్ తీగ తెగింది. ఇంకా బాగుచేయలేదు. అక్కడి గాలులకు అది మామూలే కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈ చిన్న సంగతి గుర్తుంచుకోండి.

నేల కింద నుంచి ఒక గుర్రు లేచింది. అలమరల్లో పింగాణీ గలగలలాడింది. పొయ్యి గొట్టాలు ఊగాయి. జనం బయటికి పరుగెత్తి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ ఊళ్ళలో భూకంపం ఎరిగినవాళ్ళు ఎక్కడున్నారు గనక? గోడ కూలింది లేదు, ఎవరికీ దెబ్బ తగిలింది లేదు. కాసేపు దాని గురించే మాట్లాడుకుని, మెల్లగా భోజనాలకు లోపలికి వెళ్ళిపోయారు.

అదే నిమిషంలో, అక్కడికి దక్షిణంగా 250 కిలోమీటర్ల దూరాన, గ్రాండ్ బ్యాంక్స్ అనే లోతు తక్కువ మెట్టసముద్రం అంచు తెగి అగాధంలోకి దిగే చోట, కొండచరియలాంటిది కదిలింది. దాన్ని కదిలించింది 7.2 తీవ్రత ఉన్న భూకంపం. న్యూయార్క్‌లోనూ మాంట్రియల్‌లోనూ కూడా జనానికి తెలిసింది. కేబుల్ ఆఫీసులకు మాత్రం ఇంకో రకంగా తెలిసింది.

*

అప్పట్లో లండన్‌కూ న్యూయార్క్‌కూ మధ్య వార్త పోవాలంటే ముఖ్యమైన దారి సముద్రం అడుగునే. ఖండం దాటి మాట్లాడే టెలిఫోన్ కేబుల్ రావడానికి ఇంకా 27 ఏళ్ళు పడుతుంది. అప్పటి టెలిగ్రాఫ్ కేబుల్ అంటే రాగి తీగ, దాని చుట్టూ గట్టా పెర్చా అనే జిగురు తొడుగు, ఆ పైన ఇనప తీగల కవచం. 1866లో గ్రేట్ ఈస్టర్న్ ఓడ ఐర్లండ్ నుంచి లాక్కొచ్చి న్యూఫౌండ్లాండ్‌లోని హార్ట్స్ కంటెంట్ అనే రేవులో ఒడ్డెక్కించిన కేబుల్ నుంచి లెక్కేస్తే, 1929 నాటికి ఆ చుట్టుపక్కల నేల మీద చాలా తీగలు పేరుకున్నాయి. ఐరోపాకు దగ్గరి మూల అదే కదా. న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలి సరిగ్గా మూడు వారాలు. అమ్మకాల ఆర్డర్లు, దివాలా కబుర్లు, ఓడల రాకపోకలు, పెళ్ళి శుభాకాంక్షలు అన్నీ ఆ రాగి తీగలమీదే.

కేబుల్ గదిలో సిఫన్ రికార్డర్ అనే యంత్రం ఉంటుంది. సన్నటి గాజు గొట్టం చివర నుంచి సిరా కారుతూ, కదిలే కాగితం పట్టీ మీద వంకర గీత గీస్తుంది. గీత పైకి లేస్తే చుక్క, కిందికి దిగితే డ్యాష్. తీగలో కరెంటు పోతే గీత చదునైపోతుంది.

ఆ సాయంత్రం గదిలో ఎవరేమన్నారో ఎవరూ రాసిపెట్టలేదు. వేళలు మాత్రం రాసిపెట్టారు. కాబట్టి ఇక్కడ మాటలు నావి, వేళలు వాళ్ళవి.

"లైను పోయింది సార్."

"ఏ లైను?"

"ఒకటి కాదు సార్."

భూకంప కేంద్రం చుట్టుపక్కల వాలు మీద ఉన్న కేబుళ్ళు అదురుతోపాటే పోయాయి. ఇందులో వింతేమీ లేదు. భూమి కదిలింది, తీగ తెగింది. గుమాస్తా పుస్తకం తీసి, ఏ కేబుల్ ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు మూగబోయిందో వరసగా రాసుకుని ఉంటాడు. శాస్త్రం కోసం కాదు. పంపలేకపోయిన తంతికి డబ్బు వాపసు ఇవ్వాలి, మరమ్మతు ఓడకు కబురు చేయాలి, పైవాళ్ళు అడిగితే చెప్పాలి. ఆ తర్వాత రెండు ఒడ్డుల నుంచీ తీగలోకి కొద్దిపాటి కరెంటు పంపి నిరోధం కొలుస్తారు. మైలుకు ఎంత నిరోధమో ముందే తెలుసు కాబట్టి ఎక్కడ తెగిందో దూరం తేలుతుంది. అంటే ప్రతి తెగుడుకూ పుస్తకంలో రెండు అంకెలు పడతాయి: వేళ ఒకటి, చోటు ఒకటి.

6 గంటల 1 నిమిషం. అదురు ఆగి గంట కావస్తోంది. ఇంకో కేబుల్ పోయింది. ఇది వాలుకు దిగువన, ఇంకా లోతులో ఉన్నది. మళ్ళీ భూకంపం వచ్చిందా అంటే రాలేదు.

*

ఏడున్నర ప్రాంతంలో బ్యూరిన్ రేవుల్లో నీళ్ళు వెనక్కి పోయాయి. నిండు వెన్నెల. పడవలు పక్కకు ఒరిగి బురదలో కూర్చున్నాయి. ఏనాడూ కళ్ళబడని రేవు అడుగు బయటపడింది.

మన కోస్తా ఊళ్ళకు 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత ఆ దృశ్యానికి అర్థం తెలుసు. ఆ రాత్రి వాళ్ళకు తెలీదు. తెలిసినా చేతిలో ఉన్నది నిమిషాలే.

అర గంట వ్యవధిలో మూడు అలలు వచ్చాయి. టేలర్స్ బే, లార్డ్స్ కోవ్, పోర్టో బ్రా, పాయింట్ ఓ గాల్, సెయింట్ లారెన్స్, ఇలా నలభైకి పైగా పల్లెల మీద పడ్డాయి. ఇరుకు బేల్లో నీరు ఎటూ పోలేక పైకి ఎక్కి, కొన్ని చోట్ల 13 మీటర్ల ఎత్తును తాకింది. చెక్క ఇళ్ళు పునాది రాళ్ళ మీంచి లేచి పడవల్లా తేలాయి. మేడ మీద గదిలో దీపం వెలుగుతూనే ఉండగా ఇల్లు సముద్రంలోకి సాగిపోవడం చూశామని చాలామంది చెప్పారు. లార్డ్స్ కోవ్‌లో ఒక ఇంటిని అల ఎత్తుకెళ్ళి వెనక ఉన్న చెరువులో పడేసింది. తల్లి, ముగ్గురు పిల్లలు పోయారు. ఎత్తు కుర్చీలో కట్టి కూర్చోబెట్టిన పసిపిల్ల మాత్రం ఊపిరితో దొరికింది.

మొత్తం చనిపోయినవాళ్ళు 28 మంది. కెనడా చరిత్రలో తెలిసిన భూకంపాల్లో ప్రాణనష్టం ఎక్కువ దీనిదే. నిజానికి న్యూఫౌండ్లాండ్ అప్పటికి కెనడాలో భాగం కూడా కాదు, 1949లో గానీ చేరలేదు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళకు మిగిలిందేమిటంటే చలికాలం. గోదాములు పోయాయి, చేప పోయింది, పిండీ బొగ్గూ పోయాయి, పడవలూ వలలూ పోయాయి.

ఇప్పుడు రెండు గడియారాలను పక్కపక్కన పెట్టి చూడండి. అలలు ఇంకా పల్లెల్లో పూర్తిగా సద్దుమణగకముందే, 8 గంటల 5 నిమిషాలకు, దక్షిణాన లోతు సముద్రంలో ఇంకో కేబుల్ తెగింది. భూకంపం వచ్చి మూడు గంటల మూడు నిమిషాలైంది. ఊళ్ళలో లాంతర్లు పట్టుకుని మనుషుల కోసం వెతుకుతున్నారు. రాత్రి 2 గంటల 3 నిమిషాలు, ఇంకోటి. 3 గంటల 20 నిమిషాలు, ఇంకోటి. పొద్దున 6 గంటల 19 నిమిషాలకు చివరిది.

"ఇదెక్కడ?"

"అన్నిటికన్నా దక్షిణాన ఉన్నది సార్."

"నిన్న సాయంత్రం అదిరితే, ఇప్పుడు తెగిందా?"

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడిగే ఉంటారు. 12 కేబుళ్ళు తెగాయి, చాలావరకు ఒక్కోటీ ఒకటి కంటే ఎక్కువ చోట్ల. మొదటిదానికీ చివరిదానికీ మధ్య 13 గంటల 17 నిమిషాలు. తెగిన చోట్లు పటం మీద గుర్తు పెడితే, వేళ పెరిగేకొద్దీ గుర్తు దక్షిణానికి జరుగుతూ పోతుంది. ఒక్కటీ వరస తప్పదు.

*

మంగళవారం మంచు తుపాను మొదలైంది.

సముద్రం అడుగున, ఎవరూ చూడని చోట, ఏ తీగ ఏ నిమిషానికి పోయిందో ఒడ్డున ఉన్న ఆఫీసులకు ఆ పొద్దుటికే తెలుసు. ఒడ్డున మనుషులు చచ్చిపోయిన సంగతి మాత్రం సెయింట్ జాన్స్‌లో ఒక్కరికీ తెలీదు. నేల మీది ఆ తీగ గాలికి తెగి అలాగే ఉంది మరి. నాకు ఈ కథలో అన్నిటికంటే మింగుడుపడనిది ఇదే.

లమలీన్‌లో డొరతీ చెర్రీ అనే నర్సు ఉండేది. ఆ తుపానులోనే, కొంత గుర్రం మీద, ఎక్కువ భాగం కాలినడకన, ఊరి తర్వాత ఊరు తిరిగింది. చలికి నీలబడ్డ పిల్లలకు, ఎముకలు విరిగినవాళ్ళకు, షాక్ నుంచి తేరుకోని ఆడవాళ్ళకు ఆ మూడు రోజులూ ఆ తీరంలో వైద్యమంటే ఆవిడే.

గురువారం, 21వ తేదీన, పోర్షియా అనే స్టీమరు ఎప్పటిలాగే తన వంతు ప్రకారం బ్యూరిన్ రేవుకు వచ్చింది. అందులో వైర్‌లెస్ ఉంది. బ్యూరిన్ మెజిస్ట్రేట్ మాల్కం హాలెట్ రాసిచ్చిన సందేశం ఆ ఓడ నుంచి రాజధానికి చేరింది. ఆ రాత్రే డాక్టర్లు, నర్సులు, తిండి, దుప్పట్లు, కట్టెలతో మీగిల్ అనే ఓడ బయల్దేరి మర్నాటికి చేరుకుంది. వాళ్ళు వెళ్ళేసరికి డొరతీ చెర్రీ నిలబడే ఓపిక లేని స్థితిలో ఉంది.

*

కేబుల్ మరమ్మతు ఓడలు కొక్కేలు లాగుతూ తెగిన కొసల కోసం వెతికాయి. కొన్నిచోట్ల కొస దొరికింది. కొన్నిచోట్ల కేబుల్ పొడవునా బురద కప్పేసి ఎంత లాగినా రాలేదు. ఆ ముక్కలను వదిలేసి కొత్తవి వేసుకోవలసి వచ్చింది. సముద్రపు అడుగు కుంగిపోయి ఉంటుందని, పెద్ద పగులు పడి ఉంటుందని అప్పటి ఊహలు. కానీ మొదటి నిమిషంలో తెగినవాటికి పగులు కారణం కావచ్చు. 13 గంటల తర్వాత, ఐదారు వందల కిలోమీటర్ల అవతల తెగినదానికి ఏ పగులు కారణం?

వేళల పట్టికలు కంపెనీల దస్త్రాల్లో ఉండిపోయాయి. భూకంప శాస్త్రజ్ఞులు వాటిని వాడుకున్నారు. 1948లో డాక్సీ అనే కెనడా పరిశోధకుడు ఈ భూకంపం మీద వివరమైన నివేదిక కూడా వెలువరించాడు. ఎవరూ ఆ పట్టికను ప్రయాణపు లెక్కగా చదవలేదు.

చదివింది ఇద్దరు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన లమాంట్ పరిశోధనాలయం డైరెక్టర్ మారిస్ యూయింగ్, ఆయన దగ్గర పనిచేస్తున్న 28 ఏళ్ళ బ్రూస్ హీజెన్. 1952లో వాళ్ళ వ్యాసం వచ్చింది. వాళ్ళు వేసిన ప్రశ్న చాలా మామూలుది: రెండు కేబుళ్ళ మధ్య దూరాన్ని రెండు తెగుళ్ళ మధ్య సమయంతో భాగిస్తే ఎంతొస్తుంది?

వేగం వస్తుంది. ఏదో ఒకటి వాలు మీంచి దిగివచ్చి, ఒక కేబుల్ తర్వాత ఒక కేబుల్‌ను తెంపుకుంటూ పోయింది. మొదట్లో దాని వేగం గంటకు 100 కిలోమీటర్ల దాకా ఉందని లెక్క తేల్చారు. చివరి కేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 20 చిల్లరకు తగ్గింది. పైనున్న మెట్టసముద్రం మీది కేబుళ్ళకు దెబ్బ తగలకపోవడం, తెగినవన్నీ వాలు మీదా వాలు కిందా ఉన్నవే కావడం కూడా ఈ లెక్కతో సరిపోయాయి. అంతదాకా ఇరవై ఏళ్ళకు పైగా కేబుల్ కంపెనీల దస్త్రాల్లో ఉండిపోయినది, సముద్రం అడుగున పెట్టిన పన్నెండు గడియారాల రీడింగు.

పోయింది ఏమిటి? బురద నీరు.

బియ్యం కడిగిన నీళ్ళను నిలవ నీటి తొట్టి అంచు నుంచి మెల్లగా వంచితే, అవి పైన కలిసిపోకుండా అడుగునే తెల్లగా పాకుతూ పోతాయి. పిండి కలిసిన నీరు బరువు కాబట్టి. సముద్రంలోనూ అంతే. భూకంపానికి వాలు మీది మట్టి జారింది. జారుతూ విడిపోయి నీటితో కలిసింది. చుట్టూ ఉన్న నీటికంటే బరువైన ఆ చిక్కటి నీరు వాలు వెంట దిగుతూ, అడుగున ఉన్న మట్టిని కోసి తనలో కలుపుకుంది. కలుపుకున్నకొద్దీ బరువు, బరువు పెరిగినకొద్దీ వేగం, వేగం పెరిగినకొద్దీ ఇంకా కోత. వాలు చదునయ్యేదాకా అది ఆగదు. చదునైన తర్వాత కూడా చాలా దూరం సాగుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని టర్బిడిటీ కరెంట్ అంటారు.

ఈ ఊహ హీజెన్‌తో పుట్టలేదు. జెనీవా సరస్సులో రోన్ నది చల్లటి బురద నీరు అడుగుకు మునిగి అక్కడే ఒక కాలువ చేసుకుంటుందని స్విట్జర్లండ్‌లో ఫోరెల్ 1880ల్లోనే గమనించాడు. ఖండాల అంచుల్లో నీటి కింద కనిపించే మహా లోయలను తొలిచింది ఇలాంటి బురద ప్రవాహాలేనని 1936లో హార్వర్డ్‌లో రెజినాల్డ్ డేలీ అన్నాడు. నెదర్లాండ్స్‌లో ఫిలిప్ కూనెన్ తొట్లలో నీళ్ళు నింపి, బురద వదిలి, అది ఎలా పోతుందో, ఎలా పేరుకుంటుందో చూపించాడు. ముతక ఇసుక ముందు దిగుతుంది, నునుపు మట్టి చివర దిగుతుంది. కింద ముతక, పైకి పోయేకొద్దీ నునుపు. కొండల్లో అలాంటి పొరలు వందలకొద్దీ కనిపిస్తుంటే అవి ఎలా ఏర్పడ్డాయో అప్పటిదాకా ఎవరికీ అంతుపట్టలేదు. కానీ ఇదంతా తొట్టిలో సంగతి. నిజం సముద్రంలో, నిజం వేగంతో, దీన్ని పట్టిచ్చింది కేబుల్ గుమాస్తాల పుస్తకాలే.

*

అందరూ ఒప్పుకోలేదు. సముద్రగర్భ లోయల మీద అప్పటికి అందరికంటే ఎక్కువ పని చేసిన ఫ్రాన్సిస్ షెపర్డ్‌కు ఆ వేగాల మీద నమ్మకం కుదరలేదు. సముద్రం అడుగున గంటకు వంద కిలోమీటర్లా? ఒకే ప్రవాహం అంత దూరం పోలేదేమో, వాలు మీద ఒకచోట తర్వాత ఒకచోట విడివిడిగా జారుళ్ళు పడి ఉంటాయేమో అన్నది ఆయన వాదన. ఒక మాట ఒప్పుకోవాలి: వేగం విషయంలో ఆయన సందేహం పూర్తిగా తప్పు కాదు. తర్వాత డేవిడ్ పైపర్, ఆయన సహచరులు 1980ల్లో మళ్ళీ కట్టిన లెక్కలో గరిష్ఠ వేగం సెకనుకు 19 మీటర్లకు, అంటే గంటకు 68 కిలోమీటర్లకు దిగింది. తారు రోడ్డు మీద బస్సుకే అది మంచి వేగం.

అయితే ప్రవాహం ఒక్కటేనన్న విషయంలో హీజెన్ పక్షమే నెగ్గింది. బురద నీరే తీగలు తెంపి ఉంటే, అది ఆగిన చోట, అగాధ మైదానం మీద, కొత్త పొర ఉండాలి. కింద ముతక, పైన నునుపు. ఓడలు గొట్టాలు దింపి ఆ మైదానం నుంచి మట్టి తీశాయి. పొర ఉంది. 1954లో హీజెన్, ఎరిక్సన్, యూయింగ్ ఆ సాక్ష్యం ప్రచురించారు.

ఎంత మట్టి? ఆ రాత్రి జారి, ప్రవాహమై, మైదానం మీద పరుచుకున్నది సుమారు 200 ఘన కిలోమీటర్లని అంచనా. నాగార్జునసాగర్ కట్టినప్పటి లెక్క ప్రకారం నిండా నిండితే 408 టీఎంసీలు. అలాంటి సాగర్లు 17 నింపినంత మట్టి, ఇసుక. అందులో చాలావరకు నిన్నా మొన్నటిది కాదు. మంచుయుగంలో సెయింట్ లారెన్స్ లోయ వెంట కదిలివచ్చిన హిమానీనదాలు సముద్రపు అంచు దాకా దొర్లించి వదిలేసిన సరుకు. వేల ఏళ్ళు ఆ వాలు మీద కూర్చుని, ఒక సాయంత్రం అదిరితే కదిలింది. ఒకే చోట పెద్ద ముక్క విరిగిపడలేదు. వందల చోట్ల పలచటి పొరలు జారి, లోయల్లోకి దిగి, లోయల్లో కలిసి వరదయ్యాయి. లారెన్షియన్ ఫ్యాన్ అనే ఆ ప్రాంతంలో తూర్పు లోయ అడుగున గులకరాళ్ళు ఈనాటికీ అలలు అలలుగా పరిచి ఉన్నాయి. గులకరాళ్ళను ఇసుకలా కదిలించాలంటే పైన పోయిన నీటికి ఎంత ఊపు ఉండాలో ఆలోచించండి.

కారణం ఒకటే, దెబ్బ రెండు దిక్కుల్లో. మట్టి దక్షిణానికి దిగింది. మట్టి కదలడంతో పైనున్న నీరు ఊగి, ఆ ఊపు అలై ఉత్తరానికి బ్యూరిన్ మీదికి వెళ్ళింది. టేలర్స్ బే పక్కన మొక్కల కుళ్ళుతో ఏర్పడిన నల్లటి నేలను తవ్వితే, మధ్యలో సముద్రపు ఇసుక పొర ఒకటి ఇప్పటికీ దొరుకుతుంది. అది ఆ రాత్రిదే.

ఆల్విన్ అనే మనుషులు ఎక్కే జలాంతర్గామి 1980ల్లో తూర్పు లోయలో 3,850 మీటర్ల లోతుకు దిగినప్పుడు అక్కడ ఎవరూ అనుకోనిది కనబడింది. గుంపులు గుంపులుగా ఆల్చిప్పలు, ఇతర జీవులు. ఎండ పొడ సోకని ఆ చోట అవి నేల నుంచి ఊరే రసాయనాల మీద బతుకుతున్నాయి. 1929 ప్రవాహం అడుగును తెరిచి, తిరగేసి, పాత మట్టిని బయటపెట్టడంతో ఆ తిండి వాటికి అందుబాటులోకి వచ్చిందని పరిశోధకులు రాశారు.

*

ఇలాంటి లోయలు మన ఒడ్డునా ఉన్నాయి. అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ 1950ల్లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. మన తూర్పు తీరపు వాలు మీద ఉన్న మూడు సముద్రగర్భ లోయల గురించి 1964లో ఆయన రాసిన వ్యాసంలో వాటి పేర్లు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ. మహాదేవన్ అదే విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రాచార్యులుగా ఉండేవారు. కాకినాడకు ఎదురుగా సముద్రంలో 2002లో బయటపడి, 2009లో ఉత్పత్తి మొదలైన డీ6 బ్లాకు గ్యాస్ కూడా ఈ కథలోదే. లక్షల ఏళ్ళ కిందట గోదావరి తెచ్చిన ఇసుకను బురద ప్రవాహాలు లోతుకు మోసుకుపోయి కాలువల్లో పేర్చాయి. ఆ ఇసుక రేణువుల సందుల్లోనే గ్యాస్ నిలిచింది. బంగాళాఖాతం అడుగంతా పరుచుకున్న గంగా బ్రహ్మపుత్రల మేట ఇంకా పెద్దది, ప్రపంచంలోనే పెద్దది. హిమాలయాల మట్టి బంగ్లాదేశ్ ముంగిట ఉన్న స్వాచ్ ఆఫ్ నో గ్రౌండ్ అనే లోయలో దిగి, మన తీరం ముందు నుంచి, శ్రీలంక దాటిపోయింది.

ఇప్పుడు రాగి తీగలు లేవు, గాజు తీగలు. ఖండాల మధ్య పోయే ఇంటర్నెట్‌లో దాదాపు అంతా వాటి మీదే. 2006 డిసెంబరు 26న తైవాన్ దక్షిణ కొసన భూకంపం వస్తే, గావ్‌పింగ్ లోయలో దిగిన ప్రవాహాలు తొమ్మిది కేబుళ్ళను తెంపాయి. తూర్పు ఆసియాలో బ్యాంకులు, ఫోన్లు, ఇంటర్నెట్ రోజుల తరబడి కుంటుపడ్డాయి. మరమ్మతుకు 11 ఓడలు, 49 రోజులు.

భూకంపమే రానక్కరలేదని 2020లో కాంగో చూపించింది. కాంగో నది ముఖద్వారానికి ఎదురుగా ఉన్న లోయ నదిలోంచే మొదలవుతుంది. 2019 చివర ఆ నదికి 1960ల తర్వాత అంతటి వరద వచ్చింది. లోయ నెత్తిన ఇసుక, మట్టి పేరుకున్నాయి. 2020 జనవరి 14న కదలిక మొదలై, రెండు రోజుల్లో 1,100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, పశ్చిమాఫ్రికాకు ఇంటర్నెట్ తెచ్చే శాట్-3, వాక్స్ కేబుళ్ళను 16న తెంపింది. దిగువకు పోయేకొద్దీ దాని వేగం తగ్గకపోగా సెకనుకు 5 మీటర్ల నుంచి 8 మీటర్లకు పెరిగింది. దారిలో లోయ అడుగును కోసుకుంటూ పోయింది గనక.

డరమ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ టాలింగ్ బృందం అప్పటికే ఆ లోయలో ప్రవాహాలను కొలవడానికి పరికరాలు లంగరేసి ఉంచింది. ప్రవాహం వాటిని లంగర్లతో సహా తెంపేసింది. అవి పైకి తేలి, తామెక్కడున్నదీ ఉపగ్రహం ద్వారా కబురు పెట్టాయి. వేగం లెక్క మాత్రం హీజెన్ పద్ధతిలోనే తేలింది: ఏ పరికరం ఏ వేళకు తెగింది, రెంటి మధ్య దూరమెంత.

బాగుచేసిన శాట్-3 కేబుల్ ఆ మార్చిలోనే మళ్ళీ తెగింది. తెగుళ్ళు పడిన రోజులు చూస్తే పెద్ద పోట్లు వచ్చే రోజులకు దగ్గరపడ్డాయి. ముందు వరద మట్టి తెచ్చి లోయ నెత్తిన పెడుతుంది, వారాల తర్వాత పోటూపాటుల ఊపు దాన్ని కిందికి తోస్తుంది. కాబట్టి కాంగో కేబుల్ చూసుకునేవాళ్ళకు ఇప్పుడు రెండు లెక్కలు దగ్గరుండాలి: కిన్షాసా దగ్గర నది మట్టం ఒకటి, పున్నమి అమావాస్యల పట్టిక ఒకటి.